నాణెం మీద వింత గీత: ముద్రణ లోపమా, దెబ్బా?

విశాఖ పూర్ణా మార్కెట్‌లో చిల్లరగా వచ్చిన రెండు రూపాయల నాణెం మీద సన్నటి గీత, సంవత్సరం కింద నక్షత్రం ఉన్నాయని, దీనికి విలువ ఉంటుందా అని ఒకరు అడిగారు.

నక్షత్రం లోపం కాదు, హైదరాబాద్ టంకశాల గుర్తు. నోయిడాకు చుక్క, ముంబైకి డైమండ్, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు.

అసలు సంగతి గీతలో ఉంది. గోరుతో నిమిరి చూడండి. ఉబ్బెత్తుగా తగిలితే అది టంకశాలలోనే వచ్చింది: అచ్చు పగిలితే ముద్ర కొట్టేటప్పుడు లోహం ఆ పగులులోకి చొచ్చుకుపోయి గీతలా లేస్తుంది. లోపలికి దిగి, అంచుల్లో లోహం పక్కకు నెట్టుకుపోయినట్టుంటే బయట తగిలిన గీరే. లైటును పక్కనుంచి వేసి లెన్స్‌తో చూస్తే తేడా తెలిసిపోతుంది. గీత కాక మరో రకం లోపాలూ ఉంటాయి. అంచు దగ్గర నెలవంకలా ముక్క లేకపోతే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా చూడండి. అక్కడ గట్టు పలచబడి ఉంటే లోపం నిజమైనదే కావచ్చు. ఆకురాయితో కోసిన నాణేనికి ఆ పలచదనం రాదు. బొమ్మ నిటారుగా పెట్టి పక్కకు తిప్పినప్పుడు బొరుసు వంకరగా వస్తే ముద్ర కొట్టేటప్పుడు అచ్చు పక్కకు తిరిగి ఉందన్నమాట.

మన సముద్రపు గాలికి ఇత్తడి ఐదు రూపాయలు నల్లబడటం, పసుపు మరకలు ముద్రణ లోపాల లెక్కలోకి రావు.

చిన్న పగులు గీతకు పెద్ద ధర పలకదు. లక్షలిస్తామని ముందుగా ఫీజు అడిగేవాళ్లను నమ్మకండి. రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ఇలాంటి మోసాలపై హెచ్చరించింది. చింతపండుతో మాత్రం తోమకండి, ఉన్న విలువా పోతుంది.