పాడటం మానకు చెల్లీ, పాడించే పని కొన్నాళ్లు వేరేవాళ్లకి ఇవ్వు

"అక్కా, లైబ్రరీ, క్వయర్, ఇల్లు, మూడూ నా వల్ల కావట్లేదు, క్వయర్ మానేస్తే దేవుడికి కోపం వస్తుందా" అని రాసిన కృష్ణా జిల్లా చెల్లికి ఈ జవాబు. ఉత్తరం పెద్దది, చదివేవాళ్లకి అర్థం కావాలి కాబట్టి ముందు సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. తనకి 43 ఏళ్లు, చిన్న టౌన్‌లో శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్, పొద్దున 8 నుంచి 11, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7. వారంలో సెలవు శుక్రవారం, అంటే ఆదివారం డ్యూటీ రోజే. పద్నాలుగో ఏట నుంచి చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, ఆల్టో (నాలుగు స్వరాల పాటలో ఆడవాళ్ల కింది స్వరం, మిగతావి సొప్రానో, టెనర్, బేస్) పాడుతోంది, నాలుగేళ్లుగా క్వయర్ లీడర్, దాని పైన స్త్రీల మైత్రికి, అంటే చర్చిలో ఆడవాళ్ల సంఘానికి, సెక్రటరీ. ఇంట్లో మోకాలి ఆపరేషన్ అయిన అత్తగారు, ఇంటర్ సెకండియర్ అమ్మాయి, షిఫ్టులు చేసే భర్త. ఆదివారం తాళాలు అటెండర్ చేతిలో పెట్టి ఆరాధనకి వెళ్తోంది. డీఎస్సీకి చదువుకునే కుర్రాడొకడు "మీరు లేరని బీరువా తియ్యలేదు మేడం, రెండు గంటలు ఊరికే కూర్చుని వెళ్లిపోయా" అన్నాడట, ఆ మాట గుచ్చుకుంది. మొన్న భర్త "ఊరందరికీ నీ దగ్గర టైముంది, మాకే లేదు" అన్నారట, ఆ రాత్రి ఉత్తరం రాసింది.

నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఒక లైను దగ్గర ఆగిపోయా. "ఈ మధ్య పాట పాడుతూ కూడా ఎవరొచ్చారు ఎవరు రాలేదు అని లెక్కపెట్టుకుంటున్నా, పాట అయిపోయాక ఏం పాడామో గుర్తుండట్లేదు" అని రాశావే, అసలు విషయం అదే అనిపించింది నాకు. నువ్వు అలిసిపోయింది పాడి కాదు. టెనర్ వాళ్లకి ఫోన్లు చేసి, కీర్తనలు జిరాక్స్ తీయించి, కీబోర్డు అబ్బాయి రాకపోతే ఇంకొకరిని వెతికి, క్రిస్మస్‌కి క్వయర్ చీరల రంగు మీద ఇద్దరు అలిగితే వాళ్లని బుజ్జగించి అలిసిపోయావు. లైబ్రరీలో అక్సెషన్ రిజిస్టర్ (కొత్త పుస్తకాలు నమోదు చేసే పుస్తకం) మధ్యలో సొప్రానో వాళ్ల హాజరు కాగితం దొరికిందని నువ్వే రాశావు. పాడటం ఒక పని, పాడించడం ఇంకో పని, నాలుగేళ్లుగా రెండూ ఒకటే అనుకుంటున్నావు. అందుకే "మానేయాలి" అనగానే మొత్తం మానేయాలేమో అని భయపడుతున్నావు.

మొత్తం మానొద్దు. ఇది గట్టిగానే చెప్తున్నా. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆల్టో పాడే మనిషి ఒక్కసారిగా బెంచీలో కూర్చుంటే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశాను. మా అమ్మ కూడా చర్చిలో పాడేది, మా నాన్నకి జబ్బు చేసినప్పుడు మానేసింది, అది అప్పటికి తప్పలేదు, కానీ మళ్లీ ఎవరూ రమ్మనలేదు, తనూ అడగలేదు. ఆవిడ కీర్తనల పుస్తకంలో అక్షరాల పైన పెన్సిల్‌తో సన్నగా రాసుకున్న సోల్ఫా, అంటే డో రే మీ స్వరాలు, ఒక మూల పసుపు మరక, పొయ్యి దగ్గర పెట్టుకుని నేర్చుకునేది మరి. ఆ పుస్తకం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఒక్కరైనా "రా అమ్మా, వారం మార్చి వారం పాడు" అని ఉంటే బావుండేది కదా అనుకుంటాను.

దేవుడి కోపం గురించి అడిగావు. "దేవుని పని వదిలితే ఆశీర్వాదం పోతుంది" అని ఎవరో అన్నారని రాశావు. వాళ్లతో వాదం పెట్టుకోకు కానీ ఇంటికెళ్లి బైబిల్లో మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీసి చదువు. దేవుని మందిరంలో పాడటానికి నేర్పున్నవాళ్లు 288 మంది, వాళ్లని 24 వంతులు చేసి, వంతుకి 12 మందిని పెట్టి, చీట్లు వేసి పంచారు. అంత గొప్ప మందిరంలోనే వంతులు పెట్టుకుంటే మీ క్వయర్‌లో ఒకే మనిషి నాలుగేళ్లు ఎందుకు మొయ్యాలి? వంతు దిగడం అంటే సేవ వదలడం కాదు.

అయితే లీడర్‌షిప్ ఎలా దింపుకోవాలి అంటే, అయ్యగారికి (పాస్టరు గారికి) వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెట్టకు. అది గ్రూపులోకి వెళ్తుంది, ఎవరో అలిగావంటారు. నేరుగా వెళ్లి మాట్లాడు, ఆయన భార్య అమ్మగారు కూడా ఉన్నప్పుడు. "ఒక ఏడాది లీడర్ బాధ్యత వేరేవాళ్లకి ఇవ్వండి అయ్యగారూ, నేను ఆల్టోలో ఉంటాను, కొత్తవాళ్లకి భాగం నేర్పిస్తాను" అను. ఏడాది అనే మాట తప్పకుండా వాడు, లేకపోతే వచ్చే నెల మళ్లీ నీ దగ్గరికే వస్తుంది. ఇంకో సంగతి, ఇది అడ్వెంట్, అంటే క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాల కాలం, దగ్గరికొచ్చాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు. నవంబర్ 14 నుంచి 20 దాకా మీకు గ్రంథాలయ వారోత్సవాలు, పిల్లలకి వ్యాసరచన పోటీలు, బహుమతులు, సభలు, అవి అయ్యీ అవ్వకముందే క్రిస్మస్ ప్రాక్టీసులు, తర్వాత అర్ధరాత్రి దాకా క్యారల్ రౌండ్స్. నువ్వు ఏటా కుప్పకూలేది అక్కడే అని నీ ఉత్తరంలోనే ఉంది. కాబట్టి ఆగస్టులోపే మాట్లాడెయ్. స్త్రీల మైత్రి సెక్రటరీ పదవి మాత్రం ఈసారి ఎన్నిక రాగానే వద్దనేయ్, దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

ఆదివారం సంగతి కొంచెం కష్టం, నీకు నచ్చని మాట చెప్పాలి. తాళాలు అటెండర్‌కి ఇచ్చి వెళ్లడం ఆపేయ్ చెల్లీ. ఆ గంటలు నీవి కాదు, ఆ కుర్రాడివి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో లైబ్రరీలకి ఇచ్చిన అయిదు సూత్రాల్లో నాలుగోది చదువరి సమయం కాపాడమనే కదా, నాకంటే నీకే బాగా తెలుసు. ఇంట్లో కరెంటు, కుర్చీ, నిశ్శబ్దం లేక మీ దగ్గరికొచ్చి చదువుకునే పిల్లలు వాళ్లు. నీ మనసులో పెరిగే ఆ గిల్టీ ఫీలింగ్ సగం దీని వల్లే, అందుకే ఆరాధనలో కూర్చున్నా మనసు అక్కడ ఉండట్లేదు. మీ చర్చిలో పొద్దున్నే ఆరున్నరకి మొదటి ఆరాధన ఉందని రాశావు, మామూలు ఆదివారాలు దానికి వెళ్లి ఎనిమిదికి లైబ్రరీ తెరువు. ఏడాదికి 15 సీఎల్స్ ఉంటాయి కదా, వాటిని పెళ్లిళ్లకీ పేరంటాలకీ ఖర్చు పెట్టకుండా ముందే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకో: మట్టల ఆదివారం, ఈస్టర్, అడ్వెంట్‌లో రెండు ఆదివారాలు, కోత పండుగ. గుడ్ ఫ్రైడే ఎలాగూ శుక్రవారమే, నీకు సెలవే. ఆ రోజుల్లో సెలవు చీటీ రాసిచ్చి వెళ్లి నిలబడి పాడితే ఎంత హాయిగా ఉంటుందో చూడు. లీడర్‌గా ఉంటే ఇది కుదరదు, ఆల్టోలో ఒకరిగా ఉంటే కుదురుతుంది.

ఇక మీవారు. ఆయన మీద నాలుగు పేజీల్లో ఒక్క పేరానే రాశావు, అందులో ఒక ముక్క ఎక్కడో మూలన పడేశావు: "ఆయన కూడా బేస్ పాడేవారు, షిఫ్టులు మొదలయ్యాక మానేశారు". అంటే మీరిద్దరూ ఒకప్పుడు ఒకే పాటలో నిలబడినవాళ్లు. ఇప్పుడు ఆయన నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి నువ్వు ఫోన్‌లో "రేపు మీ ముగ్గురూ తప్పకుండా రావాలి బ్రదర్" అని ఎవరితోనో బతిమాలుతూ ఉంటావు. "మాకే లేదు" అన్న మాటలో కోపం ఉంది, కాదనను, కానీ ఆయనకి కూడా ఏదో పోయిందన్న బాధ ఉందేమో అడిగి చూడు. క్వయర్‌లోకి మళ్లీ లాక్కురావాలని చూడకు, షిఫ్టులతో అది ఆయనకి ఇంకో బరువు. నీ సెలవు శుక్రవారం కదా, ఆ రాత్రి ఆయన ఇంట్లో ఉంటే కుటుంబ ప్రార్థనలో ఒక కీర్తన ఇద్దరూ రెండు భాగాలుగా పాడండి. అత్తగారికి ఆ పాటలన్నీ నోటికొచ్చు అన్నావు, ఆవిడ రాగం ఎత్తుకుంటారు. మోకాలి నొప్పితో మంచం మీదే ఉండి నాలుగు నెలలుగా చర్చికి వెళ్లలేని మనిషి, ఆవిడకి మందుల టైముకి మందులివ్వడం ఒక్కటే సరిపోదు కదా.

అమ్మాయి గురించి భయపడకు, పరీక్షల ముందు రెండు నెలలు మాత్రం సాయంత్రం ప్రాక్టీసులు బుధవారం ఒక్కటే పెట్టుకో, శనివారం వదిలెయ్. కొత్త లీడర్‌తో ఈ షరతు మొదటి రోజే చెప్పు.

చివర్లో చిన్నగా రాశావు, దసరా నుంచి గొంతు బొంగురుగానే ఉంది, పాత పుస్తకాల దుమ్ము అనుకుంటున్నా అని. దుమ్ము కావచ్చు, స్టాక్ వెరిఫికేషన్ అప్పుడు మాస్క్ పెట్టుకో, నీళ్లు ఎక్కువ తాగు. కానీ బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ గొంతు లోపల చూడాల్సిందే, నువ్వు ఎప్పుడో దాటేశావు. మిరియాల పాలతో సరిపెట్టకు. ఈ శుక్రవారమే వెళ్లు, డాక్టర్ ఏమన్నారో నాకు రాయి.