అమెరికన్ పాత కంట్రీ, బ్లూస్, బ్లూగ్రాస్ వినాలంటే ఏ రేడియో షోతో మొదలుపెట్టాలి?

నన్నడిగితే గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే లైవ్ కంట్రీ మ్యూజిక్ షోతో మొదలుపెట్టండి, కానీ దాంతోనే ఆగిపోకండి.

నేను టెనెసీలో ఉద్యోగం చేసినప్పుడు రాత్రిళ్లు డ్రైవ్ చేస్తూ కార్లో ఏఎమ్ 650 పెట్టేవాణ్ణి, అదే నాష్‌విల్ డబ్ల్యూఎస్ఎమ్, ఓప్రీ వచ్చే స్టేషన్. 50,000 వాట్ల స్టేషన్, పైగా రాత్రిపూట ఏఎమ్ సిగ్నల్ పై వాతావరణానికి తగిలి తిరిగి కిందికొస్తుంది కాబట్టి పక్క రాష్ట్రాలు దాటి వెళ్లినా వినిపిస్తుంది, చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో సిలోన్ పట్టుకున్నట్టే కాస్త గరగర, కాస్త పాట. ఈ స్టేషన్ పెట్టింది ఒక ఇన్సూరెన్స్ కంపెనీ, పేరులో మూడక్షరాలు కూడా వాళ్ల స్లోగన్‌వే. 1925 నవంబర్‌లో డెబ్బై దాటిన ఒక ఫిడిల్ తాత, అంకుల్ జిమ్మీ థాంప్సన్, మైకు ముందు కూర్చుని వాయించడంతో షో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది.

స్పాటిఫైలో ప్లేలిస్టు విన్నట్టు ఉండదండీ ఇది. అంతా లైవే, ఒక్కొక్కరికి రెండు మూడు పాటలే, బ్యాండ్లు మారే గ్యాప్‌లో అనౌన్సర్ స్టేజి మీదే యాడ్లు చదువుతాడు, మార్తా వైట్ పిండి యాడ్ అయితే దశాబ్దాల నుంచీ ఉంది. ఎనభై దాటినాయన పాడి దిగగానే నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు ఎక్కుతాడు. కొత్త వాళ్లలో సగం మంది నాకు నచ్చరు, అచ్చం పాప్ పాటల్లా ఉంటాయి, అది వేరే సంగతి. బ్లూగ్రాస్ (బాంజో, ఫిడిల్, మాండొలిన్‌తో వేగంగా సాగే కంట్రీ) మీద ఇంట్రెస్ట్ ఉంటే మాత్రం, ఆ సంగీతానికి ఆద్యుడైన బిల్ మన్రో బ్యాండ్‌లోకి 1945 చివర్లో బాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ వచ్చాక ఓప్రీలో వాయించినవి వెతకండి, మూడు వేళ్ల బాంజో అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆగిపోకండి అని ఎందుకన్నానంటే, డీఫోర్డ్ బెయిలీ. నల్లజాతి హార్మోనికా ఆర్టిస్ట్, షో మొదటి రోజుల్లో పెద్ద స్టార్, హార్మోనికాతో రైలు చప్పుడు మొత్తం చేసేవాడు. 1927లో ఒక రాత్రి అప్పటిదాకా గ్రాండ్ ఓపెరా సంగీతం వచ్చింది, ఆయన రైలు పాట అవ్వగానే ఇకనుంచి ఇది గ్రాండ్ ఓల్ ఓప్రీ అని అనౌన్సర్ జార్జ్ హే వేళాకోళంగా అన్నాడు, అదే పేరైపోయింది. అలాంటి మనిషిని 1941లో తీసేశారు, ఆయన నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే షాపుతో బతికాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నది 2005లో, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

అందుకే, ఇలాంటి నల్లజాతి వాళ్ల సంగీతం కూడా వినాలంటే, ఓప్రీతో పాటు అమెరికన్ రూట్స్ (American Routes) కూడా వినండి. న్యూ ఓర్లియన్స్ నుంచి నిక్ స్పిట్జర్ అనే ఫోక్‌లోరిస్ట్ 1998లో మొదలుపెట్టిన వీక్లీ షో, రెండు గంటలు. బ్లూస్, గాస్పెల్ (చర్చి పాటలు), లూసియానా వైపు కేజన్, జైడెకో, ఇంకా జాజ్, కంట్రీ అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడతాడు, మధ్యలో ఇంటర్వ్యూలు, ఎక్కడా పాఠం చెప్తున్నట్టు ఉండదు. పాత ఎపిసోడ్లు వాళ్ల సైట్లో ఫ్రీగానే వినొచ్చు.

ఓప్రీ శనివారం షో అక్కడ రాత్రి 7కి, అంటే మనకి ఆదివారం పొద్దున్నే 5:30, అక్కడ చలికాలంలో అయితే 6:30. డబ్ల్యూఎస్ఎమ్ ఆన్‌లైన్ స్ట్రీమ్ పెట్టుకుంటే చాలు.