మెట్లెక్కితే గుండెకెందుకు తొందర?

ప్రశ్న: పోయిన నెల అలిపిరి మెట్ల దారిలో మా అబ్బాయితో కొండెక్కాను. గాలి గోపురం చేరేసరికి ఒకటే ఆయాసం, దాంతో పాటే గుండె దడ. "గాలి పీల్చేది ఊపిరితిత్తులు కదమ్మా, మధ్యలో గుండెకెందుకు తొందర?" అన్నాడు. పదో తరగతి చదువుతున్నాడు. నేను చెప్పలేకపోయాను. మీరు చెప్తారా?
- ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, చిత్తూరులో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను. ఏ పిల్లవాడైనా ఈ మాట అడిగితే బాగుండునని ఎదురుచూసేదాన్ని. పుస్తకంలో శ్వాస ఒక పాఠం, రక్తప్రసరణ ఇంకో పాఠం. పిల్లలు దేనికది చదివేసి పరీక్ష రాస్తారు. ఆ రెండూ కలిసే చోటు వాళ్లకి కనబడదు.

అది చూపించాలనే మటన్ కొట్టు నుంచి మేక గుండెనీ ఊపిరితిత్తుల్నీ విడదీయకుండా తెప్పించేదాన్ని. కొట్టతను మొదట్లో వింతగా చూశాడు, తర్వాత తనే జాగ్రత్తగా కోసి పక్కన పెట్టేవాడు. శ్వాసనాళంలో గొట్టం పెట్టి సైకిల్ పంపుతో గాలి కొడితే, ముడుచుకుపోయిన ఊపిరితిత్తులు లేత గులాబీ రంగులో పొంగేవి. ఆ తర్వాత గుండెని కోసేవాళ్లం. ఎడమ జఠరిక, అంటే గుండె కింది గది, గోడ దళసరి, కుడిది పలచన. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది ఒళ్లంతా పంపాలి మరి.

మనిషైనా మేకైనా ఇదే ఏర్పాటు. ఒళ్లంతా తిరిగిన రక్తం గుండె కుడివైపుకి వస్తుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తులకి పోయి, కార్బన్ డయాక్సైడ్ వదిలి ఆక్సిజన్ ఎక్కించుకుని, ఎడమవైపుకి చేరి మళ్లీ ఒళ్లంతా పోతుంది. ఒళ్లంతటికీ పోయే రక్తం ఎంతో, ఊపిరితిత్తుల గుండా పోయేదీ అంతే. కూర్చున్నప్పుడు అది నిమిషానికి దాదాపు 5 లీటర్లు. మెట్లెక్కుతుంటే మూడు రెట్లు దాటొచ్చు. ఒట్టి ఊపిరే పెంచి, గుండె అలాగే మెల్లగా కొట్టుకుంటే, పీల్చిన ఆక్సిజన్ ఛాతీలోనే ఉండిపోతుంది. పిక్కలకి మోసుకెళ్లేది రక్తమే కదా!

ఈ రెండిటినీ ఒకేసారి తొందరపెట్టేది మెదడు. కాళ్లని కదిలించేటప్పుడే గుండెకీ, శ్వాస కండరాలకీ కబురు పోతుంది. పనిచేస్తున్న కండరాల నుంచీ సంకేతాలు వస్తుంటాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఏమాత్రం పెరిగినా పసిగట్టి ఊపిరి వేగాన్ని సరిచేస్తుంది. గుండెనీ శ్వాసనీ అదుపు చేసే కేంద్రాలు రెండూ మెదడు అడుగునుండే మజ్జాముఖంలో పక్కపక్కనే ఉన్నాయి. పదో తరగతి కాబట్టి ఆ పేరు మీవాడికి తెలిసే ఉంటుంది.

నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతి ఇంకోటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం ఊపిరితిత్తి కేశనాళికలో, అంటే ధమనినీ సిరనీ కలిపే అతి సన్నని రక్తనాళంలో, ఉండేది ముప్పావు సెకను. మెట్లెక్కేటప్పుడు అంతకూడా ఉండదు. అయినా ఆరోగ్యవంతుల్లో ఆక్సిజన్ నింపుకోవడానికి ఆ కాస్త సమయమే చాలు. రక్తం గుండ్రంగా తిరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు హార్వే 1628లో రాశాడు గానీ, ధమని నుంచి సిరకి ఎలా దాటుతుందో ఆయన చూడలేకపోయాడు. ఆ సన్నని నాళాల్ని 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ మైక్రోస్కోపు కింద చూశాడు. చూసింది ఎక్కడో తెలుసా? కప్ప ఊపిరితిత్తుల్లోనే.

సాయం ఒకవైపు నుంచే కాదు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీకీ కడుపుకీ మధ్య పొరలా ఉండే కండరం, ఉదరవితానం, కిందికి దిగి ఛాతీలో ఒత్తిడి తగ్గుతుంది. దాంతో కడుపు వైపు నుంచి రక్తం గుండెలోకి ఇంకా సులువుగా వస్తుంది.

కాబట్టి మెట్ల మీద ఆయాసం, దడ కలిసి రావడం మామూలే, టెన్షన్ పడకండి. కాసేపు కూర్చున్నా తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా అక్కడే ఆగి సాయం అడగండి, వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

ఈసారి వెళ్లినప్పుడు గాలి గోపురం దగ్గర కూర్చుని, దమ్ము తగ్గాక, మణికట్టు మీద నాడి పట్టుకోమని అబ్బాయితో చెప్పండి. మెల్లగా, నిండుగా ఊపిరి తీసుకోమనండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకుంటుంది. చిన్న వయసులో ఈ తేడా బాగా తెలుస్తుంది. మీరూ చూడండి, మీకు కొంచెం తక్కువగా తెలియొచ్చు.