ఇన్‌స్టాల్ కొడితే 14 అని ఎర్రగా వచ్చింది!

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో బీటెక్ ఫైనలియర్. సీనియర్ ఇచ్చిన ప్రాజెక్టులో, రెడీమేడ్ కోడు ప్యాకేజీలు దించే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే 14 వల్నరబిలిటీస్, అంటే భద్రతా లోపాలు, అని ఎర్రగా వచ్చినాయి, రూమ్మేట్ వాటిని సరిచేసే ఆడిట్ ఫిక్స్ కమాండ్‌ను ఫోర్స్ పెట్టి కొట్టమన్నాడు, కొట్టినా, ఇప్పుడు ప్రాజెక్టే లేస్తా లేదు. ల్యాప్‌టాప్ హ్యాక్ అయిందా? వచ్చే వారం రివ్యూ ఉంది.
– ఒక విద్యార్థి, కొర్లగుంట

జవాబు: 14 అంటే 14 మంది దొంగలు ఇంట్లో దూరినారని కాదు తమ్ముడూ. నీ ప్యాకేజీల పాత వెర్షన్లలో ఇదివరకే బయటపడిన లోపాలవి, చాలావాటికి కాలేజీ ప్రాజెక్టుతో పనే ఉండదు. ఫోర్స్ అన్నావు చూడు, అదీ కొంప ముంచింది. పెద్ద వెర్షన్ మారినా సరే మార్చెయ్ అని దానికి నువ్వే పర్మిషన్ ఇచ్చినట్టు, పాత కోడుకీ దానికీ పడలా. సీనియర్ దగ్గర ఫోల్డర్ మళ్ళీ తెచ్చుకో, ప్యాకేజ్ లాక్ ఫైలు ఉంటే ఎన్‌పీఎమ్ సీఐ కొట్టు, అందులో రాసిన వెర్షన్లే దిగుతాయి.

నాకు భయం వేరే దగ్గరుంది. ఆడిట్‌లో 0 వచ్చినా సరే, అది తెలిసిన లోపాలే చెప్తుంది కదా. ఇన్‌స్టాల్ కొట్టగానే ప్యాకేజీలో ఉండే పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్, అంటే దిగగానే తనంతట తానే మొదలయ్యే చిన్న ప్రోగ్రామ్, నీ యూజర్ పేరు మీదనే నడిచిపోతుంది, నువ్వు ప్రాజెక్టు ఓపెన్ చెయ్యకపోయినా. కొండకు పోయే బండిని అలిపిరిలో ఆపి సంచులన్నీ స్కాన్ చేస్తారే, నీ ల్యాప్‌టాప్ ముందర అట్లాంటి అలిపిరి ఏదీ లేదు. 2017లో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీకి మధ్యలో గీత తీసేసి అదే పేరుతో ఇంకోటి పెట్టినారు, గీత మర్చిపోయి టైప్ చేసినోళ్ళ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే అందులో దాచుకున్న కీలూ టోకెన్లూ, ఇన్‌స్టాల్ టైములోనే ఎవడికో పోయినాయి. సరే, పేరు కరెక్టుగా కొడితే చాలా అంటే అదీ లేదు, 2021 అక్టోబరులో యూఏ-పార్సర్-జేఎస్ అనే ప్యాకేజీ నడిపే ఆయన అకౌంటే కొట్టేసి అసలు ప్యాకేజీలోనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినారు.

అందుకని ప్యాకేజీల లిస్టు ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు తెరిచి పేర్లు ఒక్కొక్కటీ అక్షరం అక్షరం చూడు. కొత్తది వేసేటప్పుడు ఆ స్క్రిప్టులు నడవకుండా ఆపే ఇగ్నోర్ స్క్రిప్ట్స్ ఆప్షన్ పెట్టి వెయ్యి, స్క్రిప్ట్ నడిస్తేగానీ పనిచెయ్యనివి కొన్ని ఉంటాయి, వాటికి మాత్రం తెలుసుకుని వదులు. ఎన్‌పీఎమ్ బదులు వాడే పీఎన్‌పీఎమ్ అయితే 10వ వెర్షన్ నుంచి డిపెండెన్సీల, అంటే నీ ప్రాజెక్టు వాడుకునే ప్యాకేజీల, స్క్రిప్టులను నువ్వు ఒప్పుకుంటేగానీ నడపదు.

హ్యాక్ అయిందా అన్నావు, ఆ ఎర్రక్షరాలు దానికి గుర్తు కాదు. తేడా పేరు ఏదన్నా కనిపిస్తే మాత్రం వేరే మెషీన్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు, టోకెన్లు అన్నీ మార్చెయ్, రివ్యూ సంగతి తర్వాత. ఇంకోటి, మళ్ళీ తెచ్చుకునేటప్పుడు, దిగిన ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవద్దు, నీ సీనియర్ ఏమేం కొట్టినాడో ఎవరికి తెలుసు.