కోన్లు పెట్టే పనికి ఎంఎస్ ఎందుకంటారా?

ప్రశ్న: మావాడు సివిల్ బీటెక్ చివరి సంవత్సరం. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంఎస్ సీటు వచ్చింది. రోడ్డు పనులు జరిగేచోట కొత్త పరికరాలను పరీక్షించే ప్రాజెక్టులోకి తీసుకుంటానని అక్కడి ప్రొఫెసర్ అన్నారట. కోన్లు, బోర్డులు పెట్టడానికి అంత దూరం, అంత ఖర్చా? కంప్యూటర్స్ వైపు మళ్లించమని బంధువులంతా పోరుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: సూర్యాపేట వారికి ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయల్దేరినవాళ్లు పనులు జరుగుతున్నచోట ఎంతెంతసేపు ఆగిపోతారో మీరు ఏటా చూస్తూనే ఉంటారు. రాత్రి పూట సంగతి వేరు. సున్నం కొట్టిన నాలుగు రాళ్లు, కర్రకు కట్టిన ఎర్రగుడ్డ, దుమ్ము పట్టిన ‘పని జరుగుచున్నది’ బోర్డు. లారీ లైటు దాని మీద పడేసరికి బ్రేకు వేసేంత దూరం మిగలదు. మీవాడు నేర్చుకోబోయేది ఆ బోర్డు పెట్టడం కాదండీ. అది పనిచేస్తోందో లేదో లెక్కతో తేల్చడం.

ఈ పనికి మిడ్‌వెస్ట్ పాత కాపే. అయోవా, కాన్సాస్, మిస్సోరి, నెబ్రాస్కా రోడ్డు శాఖలు 1999లో తలా కొంత డబ్బు వేసుకుని ‘స్మార్ట్ వర్క్ జోన్’ కార్యక్రమం మొదలుపెట్టాయి. తర్వాత విస్కాన్సిన్ చేరింది. కంపెనీలు తమ పరికరం బ్రహ్మాండం అంటాయి. యూనివర్సిటీ వాళ్లు దాన్ని నిజం హైవే మీద, నిజం పనుల దగ్గర పెట్టి చూస్తారు.

ఒక ఉదాహరణ. ట్రైలర్ మీద రాడార్, దానిపై ‘మీ వేగం ఇంత’ అని మెరిసే అంకెల బోర్డు. తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ బోర్డు పెట్టకముందు వేగాలు కొలవాలి, పెట్టాక కొలవాలి, కొన్ని వారాలాగి మళ్లీ కొలవాలి. ఎందుకంటే కొత్తలో బెదిరి నెమ్మదించిన డ్రైవర్లే అలవాటయ్యాక పట్టించుకోవడం మానేయొచ్చు. ముందు బండి వెనకాలే ఈడ్చుకుంటూ వచ్చే బండిని లెక్కలోంచి తీసేయాలి, దాని వేగం ముందువాడి చేతిలో ఉంది కాబట్టి. సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. వందకు 85 మంది ఏ వేగం లోపు నడుపుతున్నారో ఆ అంకె చూడాలి. ఇంతా చేసి చివరకు ‘తేడా ఏమీ లేదు’ అని రిపోర్టు రాయాల్సి రావచ్చు. కంపెనీవాళ్లు ఎదురుగా కూర్చున్నా ఆ మాట రాయగలగడమే ఈ చదువు అని నా అభిప్రాయం.

ఇంకొకటి, రెండు లేన్లు ఒకటయ్యే చోటు. అందరూ ముందే ఒక లేన్‌లోకి సర్దుకుంటే రెండో లేన్ ఖాళీగా పడి ఉంటుంది. రద్దీ ఉన్నప్పుడు చివరిదాకా రెండు లేన్లలో వచ్చి, అటొకటి ఇటొకటి చొప్పున కలిస్తే రెండు కిలోమీటర్ల క్యూ సుమారు కిలోమీటరుకు దిగుతుంది. వెనక ఉన్న కూడలి మూసుకుపోదు. అయితే ఆ ఇరుకులోంచి గంటకు దాటే బండ్లు పెద్దగా పెరుగుతాయనుకోవద్దు. ఈ రెంటి మధ్య తేడా తెలిసినవాడే ఇంజినీరు.

పనివాళ్లకు కాపలాగా నిలిపే లారీ వెనక తగిలించే, గుద్దిన దెబ్బను పీల్చుకునే మెత్తని అటెన్యుయేటర్‌ను అక్కడ 2,270 కిలోల పికప్ బండితో, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గుద్ది పరీక్షిస్తారు. అమెరికాలో ఇలాంటి పనుల దగ్గర ఏటా 900 మంది దాకా చనిపోతున్నారు. అంత జాగ్రత్త అందుకే.

ఇక డబ్బు. అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. ‘తీసుకుంటానన్నారు’ అన్న మాట మీద ఒక్క రూపాయి అప్పు కూడా చేయకండి. నా సలహా మీద వెళ్లిన ఒకబ్బాయికి ఆ మాట మొదటి సెమిస్టర్‌లోనే గాలికి పోయింది. రాతపూర్వకంగా అడిగి తీసుకొమ్మని నేనూ గట్టిగా చెప్పలేదు, ఆ తప్పు నాదే. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేస్తూ డబ్బు అందుకోవడం) లెటర్‌లో ట్యూషన్ ఫీజులో ఎంత తగ్గిస్తారో, నెలకు ఎంత ఇస్తారో, ఎన్ని సెమిస్టర్లో ఉండాలి. అది చేతికొస్తే పంపించండి. రాకపోతే సీటును వాయిదా వేయమని అడగండి. సివిల్ కూడా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందకే వస్తుంది కనుక చదువయ్యాక మొత్తం 36 నెలల దాకా ఓపీటీ, అంటే చదివినవాళ్లకు అక్కడ ఇచ్చే తాత్కాలిక పని అనుమతి, మీద పనిచేయొచ్చు. ఆ తర్వాత వీసాకు అన్ని రాష్ట్రాల రోడ్డు శాఖలూ స్పాన్సర్ చేయవు. అక్కడే స్థిరపడతాడని ఇప్పుడే లెక్కలు కట్టేయకండి.

తిరిగొస్తే? మన దగ్గర ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ఎస్‌పీ 55 అని పనుల దగ్గర ట్రాఫిక్ నిర్వహణకు మార్గదర్శకాలున్నాయి. 2014లో సవరించారు. పుస్తకంలో అంతా బాగుంటుంది, రోడ్డు మీదే కనపడదు. జాతీయ రహదారి ప్రాజెక్టుల కన్సల్టెన్సీల్లో రోడ్ సేఫ్టీ ఎక్స్‌పర్టులుంటారు. పరిశోధనకు ఢిల్లీలో సీఆర్ఆర్ఐ (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ) ఉంది. అమెరికా వద్దనుకుంటే గేట్ రాసి వరంగల్ నిట్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఎంటెక్ చేయొచ్చు, అదేమీ తక్కువ దారి కాదు. ఇంకో మాట, అక్కడి ఫలితం ఇక్కడ అతకదు. ‘అటొకటి ఇటొకటి’ అనడానికి మన రోడ్ల మీద లేన్లు ఉంటే కదా! కారుకూ లారీకీ మధ్య సందులోంచి బైకు దూరేస్తుంది, పక్క మట్టిలోంచి ఆటో వచ్చేస్తుంది. వీటితో కలిపి మళ్లీ పరీక్షించాల్సిందే. అది ఇంకా ఎవరో ఒకరు చేయాల్సిన పని.

కంప్యూటర్స్ అంటున్న బంధువులకు చెప్పండి, ఇందులో సగం కంప్యూటరే. పైథాన్, స్టాటిస్టిక్స్, సిమ్యులేషన్ లేకుండా అడుగు పడదు. ట్రాఫిక్‌ను కంప్యూటర్లో నడిపి చూపే సుమో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ వారమే మొదలుపెట్టమనండి. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకు మీ ఊరి దగ్గరే పనులు నడుస్తున్న ఒక చోటు చూసుకుని, పైనున్న ఫుట్‌బ్రిడ్జి మీంచో డాబా మీంచో సాయంత్రం రెండు గంటలు ఫోన్‌తో వీడియో తీసి, బండ్లు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో లెక్కపెట్టమనండి. రోడ్డు మీద మాత్రం నిలబడొద్దు. ఆ లెక్కల షీటు చూసి విసుగొచ్చిందంటే ఈ దారి వాడిది కాదు, నాకు మళ్లీ రాయండి. విసుగు రాకపోతే ఆ షీటునే ప్రొఫెసర్‌కు పంపి, ఫండింగ్ లెటర్ ఎప్పుడిస్తారని అదే మెయిల్‌లో అడగమనండి.