ఏసీఎల్ గ్రాఫ్ట్: మోకాలు ఒక్కటే చూసి తేల్చకు

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విజయవాడలో సొంతంగా ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్) ఆపరేషన్లు మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. కెమెరా పట్టడం, ఎముకలో సొరంగం వేయడం చేసేకొద్దీ చేతికి వస్తాయి. తెగిన లిగమెంట్ చోట గ్రాఫ్ట్‌గా పెట్టే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) ఎక్కణ్ణుంచి తీయాలన్నది మాత్రం చేతికొచ్చే పని కాదు, ప్రతి మనిషికీ మళ్లీ ఆలోచించాల్సిందే. గురువు హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరాల టెండన్) తీస్తే శిష్యులందరూ జీవితాంతం హామ్‌స్ట్రింగే తీస్తుంటారు. నువ్వలా చేయకు. ఎం.ఆర్.ఐ. కవరు తెరిచే ముందు మూడు సంగతులు అడుగు: ఏం పని చేస్తారు, రోజులో ఎంతసేపు నేలమీద మోకాళ్లూనతారు, మళ్లీ ఆటలోకి దిగాలా. ఏ టెండన్ తీసినా ఆ చోట ఎంతో కొంత లోటు మిగులుతుంది. ఆ లోటు ఆ మనిషి బతుకుతెరువు మీద పడకూడదు.

బలం లెక్కలు చూసి మోసపోకు. ల్యాబులో లాగి చూసినప్పుడు కుర్రవాళ్ల సహజమైన ఏసీఎల్ దాదాపు 2160 న్యూటన్ల దగ్గర తెగింది. 10 మి.మీ. చిప్ప టెండన్ (మోకాలి చిప్ప కింద ఉండేది) 2977 దాకా, నాలుగు పేటల హామ్‌స్ట్రింగ్ 4090 దాకా ఆగాయి. అంటే పెట్టిన రోజున అన్నీ బలమైనవే. లోపలికి వెళ్లాక గ్రాఫ్ట్‌లోని కణాలు చనిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి, ఆ పైన మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికి వాపు తగ్గి, నొప్పి పోయి, పేషెంట్ బండి కిక్కు కొట్టడానికి సిద్ధమవుతాడు. ఈ మాట అతనికీ, ఇంట్లోవాళ్లకీ విడమరిచి చెప్పు.

హామ్‌స్ట్రింగ్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎక్కువగా నువ్వు తీసేది అదే కాబట్టి. మన దగ్గర చిక్కంతా మందంతో వస్తుంది. మడిచిన గ్రాఫ్ట్ 8 మి.మీ. కంటే సన్నగా ఉంటే మళ్లీ తెగే అవకాశం పెరుగుతుంది, ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో మరీను. ఐదడుగులుండే సన్నటి అమ్మాయికి నాలుగు పేటలు మడిచినా ఏడు దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే ఎం.ఆర్.ఐ. అడ్డకోత చిత్రాల్లో హామ్‌స్ట్రింగ్‌లో మనం తీసే రెండు టెండన్లు, సెమిటెండినోసస్, గ్రాసిలిస్‌ల మందం ముందే కొలుచుకో. అనుమానముంటే వేరే చోటి టెండన్ తీయడానికి కూడా ముందే సంతకం తీసుకుని, చీలమండ దాకా కడిగి, గుడ్డ కప్పకుండా ఉంచు. టేబుల్ మీద మందం ఆరున్నర మి.మీ. వచ్చాక బయటికి వెళ్లి బంధువులతో మాట్లాడాల్సి రావడం నీకూ మంచిది కాదు, పడుకున్నవాళ్లకీ మంచిది కాదు. సెమిటెండినోసస్‌ను మూడు పేటలు, గ్రాసిలిస్‌ను రెండు పేటలు మడిచి ఐదు పేటలు చేసినా కొంత మందం కలిసొస్తుంది, పొడవు సరిపోతేనే.

తీసేటప్పుడు తొందర వద్దు. సెమిటెండినోసస్ నుంచి పిక్క కండరం మీదికి గట్టి పీచులు పోతుంటాయి. అవి తెంపకుండా స్ట్రిప్పర్ (టెండన్‌ను కండరం నుంచి విడదీసే పరికరం) తోస్తే అది పక్కదారి పట్టి టెండన్ మధ్యలోనే తెగి చేతికొస్తుంది. టెండన్ కొస పట్టుకుని లాగు, రెండో చేతిని పిక్క మీద ఉంచు. లాగినప్పుడల్లా పిక్క దగ్గర చర్మం గుంట పడుతుంటే ఇంకా పీచు మిగిలి ఉన్నట్టు. గుంట పడడం ఆగి, టెండన్ స్ప్రింగులా సాగి వెనక్కి వెళ్తుంటే అప్పుడు స్ట్రిప్పర్ ఎక్కించు. తీసిన గ్రాఫ్ట్‌ను వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన నీళ్లలో తడిపిన గాజ్‌లో చుట్టిపెట్టు: 500 మి.గ్రా. మందు, 100 మి.లీ. సెలైన్. ఇన్‌ఫెక్షన్లు దీనివల్ల బాగా తగ్గుతాయి. ఆ గాజ్ మూట ఎక్కడుందో సిస్టర్‌కి పేరుపెట్టి చెప్పు. వాడేసిన గాజ్ అనుకుని బకెట్‌లో వేసేస్తే దానికి మందు లేదు.

మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీకి, మెట్లెక్కి దిగే పనివాళ్లకి హామ్‌స్ట్రింగ్ బాగా కుదురుతుంది. బరువు మోసే తొడ ముందు కండరం జోలికి మనం పోం. మోకాలు బాగా మడిచినప్పుడు వెనక్కి లాగే పట్టు కొంచెం తగ్గుతుంది, వాళ్ల పనికి అది అడ్డురాదు. పరుగు పందెం పిల్లలకి మాత్రం అడ్డొస్తుంది. కోత పక్కన చర్మం మొద్దుబారడం చాలామందిలో ఉంటుంది, ఆపరేషన్‌కి ముందే చెబితే తర్వాత కంగారుపడరు.

కబడ్డీ కుర్రాడైతే నేను మొదట చిప్ప టెండన్ గురించే ఆలోచిస్తాను. మధ్యలోంచి 10 మి.మీ. పట్టీ, రెండు చివరలా 20 నుంచి 25 మి.మీ. ఎముక ముక్కలు. ఎముకకు ఎముక ఆరేడు వారాల్లో అతుక్కుంటుంది, ఉత్త టెండన్‌కి ఇంకా ఎక్కువ కాలం కావాలి. చిప్పలో రంపపు కోత మూలల దగ్గర గీత దాటి పోనివ్వకు, అక్కణ్ణుంచే చిప్ప పగులుతుంది. టెండన్ మరీ పొడుగ్గా ఉంటే కింది ఎముక ముక్క సొరంగం బయటికి వచ్చేస్తుంది, ముందే కొలిచి చూసుకో. దీని లోటు మోకాలి ముందు నొప్పి. టైల్స్ పరిచే మేస్త్రీకి, ఐదు పూటలా నమాజు చేసేవాళ్లకి, చర్చిలో మోకరించి ప్రార్థన చేసే పెద్దావిడకి ఇది వద్దు. ఎముకలో ఎదుగుదల గీత ఇంకా మూసుకోని పిల్లలకి ఎముక ముక్కలున్న గ్రాఫ్ట్ అసలే వద్దు.

అదే కుర్రాడికి ఏ కారణం వల్లనైనా హామ్‌స్ట్రింగే వాడాల్సి వస్తే, తొడ బయటివైపు పొడుగునా ఉండే ఇలియోటిబియల్ బ్యాండ్ అనే గట్టి పట్టీ నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ తీసి, బయటి లిగమెంట్ కిందనుంచి పోనిచ్చి, తొడ ఎముకకు బిగించు. పాతికేళ్లలోపు ఆటగాళ్లలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో రెండేళ్లకు గ్రాఫ్ట్ తెగడం 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. ఇరవై నిమిషాల పని, బద్ధకించకు.

మోకాళ్లూనక తప్పనివాళ్లకి మందమైన గ్రాఫ్ట్ కావాలంటే చిప్పకి పైన ఉండే క్వాడ్రిసెప్స్ టెండన్ ఉంది. మోకాలి ముందు నొప్పి తక్కువ, మందానికి లోటుండదు. మరీ లోతుగా కోస్తే కీలు పొర తెగి నీళ్లు కారిపోతాయి, కెమెరా చూపు పాడవుతుంది. తొడ ముందు కండరం నెలల తరబడి నీరసంగా ఉంటుంది కాబట్టి ఫిజియోథెరపీకి రాలేనివాళ్లకి నేనైతే పెట్టను. తెనాలి అవతల పల్లెనుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి వస్తారా అని అడిగాకే నిర్ణయించు.

బండి యాక్సిడెంట్లలో లోపలివైపు లిగమెంట్ కూడా పూర్తిగా తెగి వస్తుంది. అలాంటి మోకాలికి లోపలివైపు కాపలా హామ్‌స్ట్రింగులే. వాటినీ తీసేస్తే ఆ వైపు దిక్కుండదు. అక్కడ పెరోనియస్ లాంగస్ (పిక్క బయటివైపు నుంచి పాదంలోకి దిగే టెండన్) ఉపయోగపడుతుంది. బయటి చీలమండ వెనక చిన్న కోత చాలు, మందం కూడా చాలామందిలో 8 మి.మీ. దాటుతుంది. కోసే ముందు కింది కొసను పక్కనున్న పెరోనియస్ బ్రెవిస్‌కి కుట్టెయ్యి. స్ట్రిప్పర్‌ను ఫిబులా (పిక్క బయటివైపు సన్నటి ఎముక) తల దాకా తోసెయ్యకు, నాలుగైదు సెంటీమీటర్ల ముందే ఆపు. అక్కడ ఆ ఎముక మెడ చుట్టూ తిరిగే నరం దెబ్బతింటే పాదం వాలిపోతుంది. ఈ టెండన్ బొటనవేలి మొదలును నేలకి అదిమిపెట్టేది. కూచిపూడి నేర్చుకునే పిల్లకి, మంగళగిరిలో గుంట మగ్గం మీద రోజంతా కాలితో తొక్కే నేతగాడికి ఇది తీయకు. తీయడం సులువని అందరికీ ఇదే తీయడం ఈమధ్య ఎక్కువైంది, నాకది నచ్చదు.

దాతల టెండన్లు కుర్రవాళ్లలో ఎక్కువగా తెగుతాయి, గట్టిగా రేడియేషన్ పెట్టినవైతే ఇంకా. చాలా లిగమెంట్లు పోయినప్పుడు, రెండోసారి చేసేటప్పుడు ఆలోచించు. కృత్రిమ దారాల జోలికి మొదటి ఆపరేషన్‌లో పోకు, అవి అరిగి రాలిన పొడి కీలులో వాపు తెచ్చిన చరిత్ర ఉంది.

ఏ గ్రాఫ్ట్ పెట్టినా తొమ్మిది నెలల లోపు ఆట వద్దు. అప్పుడైనా రెండో కాలి బలంలో తొంభై శాతం వచ్చిందని కొలిచాకే. ఇందిరాగాంధీ స్టేడియంలో సెలక్షన్లున్నాయని తండ్రి వచ్చి బతిమాలినా ఒప్పుకోకు.

కేస్ షీట్‌లో ఏ గ్రాఫ్ట్ వాడావో ఒక్కటే కాదు, ఎందుకు వాడావో కూడా ఒక లైను రాయి. రేపు ఆ మోకాలు మళ్లీ తెగి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఏం మిగిలి ఉందో అతనికి తెలియాలి. వచ్చేవారం కేసుల ఎం.ఆర్.ఐ.లు పంపు, ఒక్కొక్కరు ఏం పని చేస్తారో పక్కన రాసి పంపు.

మావయ్య