సగంలో ఆగిన డిగ్రీ: ముందు పాత క్రెడిట్ల సంగతి తేల్చుకోండి

రెండేళ్లు చదివి ఆపేసిన డిగ్రీని ఉద్యోగం చేస్తూ మళ్లీ మొదటి నుంచి చదవాలా అని అడిగారు. అక్కర్లేకపోవచ్చండీ, పాసైన సబ్జెక్టులకు వచ్చిన పాత క్రెడిట్లను (చదువును లెక్కగట్టే పాయింట్లు) కొత్త యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోవచ్చు, తొందరపడి ఫీజు కట్టకండి. పాత కాలేజీ నుంచి అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కుల పత్రం), సిలబస్ కాపీలు తెప్పించండి. బకాయిలుంటే అవి ఇవ్వకుండా ఆపే కాలేజీలున్నాయి, ముందే తీర్చేయండి. గుర్తింపు ఉన్న రెండు మూడు యూనివర్సిటీలకు వాటిని పంపి, ఎన్ని క్రెడిట్లు తీసుకుంటారన్నదే కాదు, అవి తప్పనిసరి సబ్జెక్టులకు చెల్లుతాయా, ఉత్త ఎలెక్టివ్‌లుగా (ఇష్టాన్ని బట్టి ఎంచుకునే సబ్జెక్టులుగా) మిగులుతాయా అన్నది రాతపూర్వకంగా అడగండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: క్రెడిట్లన్నీ తీసుకున్నట్టే ఉంటుంది, చదవాల్సినవి మాత్రం తగ్గవు. కంప్యూటర్, సైన్స్ సబ్జెక్టులను పాతబడ్డాయని కొట్టేయడమూ మామూలే. ఉద్యోగానుభవానికి క్రెడిట్లు ఇస్తారేమో కూడా కనుక్కోండి. 3 క్రెడిట్ల సబ్జెక్టుకు వారానికి సుమారు 9 గంటలు పడుతుంది, కాబట్టి మొదటి సెమిస్టర్‌లో ఒక్కటే తీసుకోండి.